ముప్పై తొమ్మిదో ఉత్తరం

“ఇది ఆయన రాసింది కాదండీ,” అన్నాడు లైబ్రేరియన్, భూతద్దం బల్లమీద పెడుతూ.

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఉత్తరాన్ని మళ్లీ లైబ్రేరియన్ ముందుకు జరిపాడు. ముప్పై ఏళ్లుగా రచయితల ఉత్తరాలు సేకరిస్తున్నాడు. వాటికోసం పాతకాగితాల కొట్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. స్వయంగా తనకే వచ్చిన ఉత్తరం మరి! మహారచయిత శతజయంతి ప్రదర్శనలో పెడతారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పట్టుకొచ్చాడు.

“ఇంకోసారి చూడండి సార్. కవరు మీద ఆయన ఊరి పోస్టాఫీసు ముద్ర కూడా ఉంది.”

“ముద్రదేముందండీ, ఆ ఊళ్లో ఎవరు డబ్బాలో వేసినా పడుతుంది. ఇవి చూడండి,” అంటూ లైబ్రేరియన్ అద్దాల పెట్టె చూపించాడు. అందులో ముప్పై ఎనిమిది ఉత్తరాలు. సంపాదకులకూ, మంత్రులకూ రాసినవి. అన్నిట్లోనూ ఒకటే చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు. “మీదేమో కోడి కెలికినట్టుంది. సంతకం కూడా కలవడం లేదు. ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు.”

గడియారాలు బాగుచేసే ఆయన తన ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. ‘నాయనా, నీ ఉత్తరం చదివాను. ఇంకొక్క ఏడాది బతికి చూసి, ఎలా ఉందో నాకు రాయి.’ అది అందిననాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. బతుకు మీద ఆశ పూర్తిగా వదులుకుని, ఆ మాటే మహారచయితకు రాసి ఉన్నాడు.

“పోనీలెండి,” అన్నాడు చివరికి, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ. “ఆటకే రాశారో, జాలిపడే రాశారో. ఆ మాట పట్టుకునే ఇవాళ్టిదాకా బతికాను. నా సంసారం, పిల్లలు, మొన్న పుట్టిన మనవరాలు, అంతా ఆ రాసిన చేతి చలవే. ఎవరిదైతేనేం సార్, ఆ చేతికి దణ్ణం.”

మడిచిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకోబోయాడు.

కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది. ఆవిడ రచయిత కూతురు. ప్రదర్శన ఏర్పాట్లు చూసుకోవడానికి పొద్దుటే వచ్చింది.

“ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి బాబూ.”

కళ్లజోడు సవరించుకుని చదివింది. మళ్లీ చదివింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

“చూశారామ్మా? నాన్నగారి రాత కాదు కదా?” అన్నాడు లైబ్రేరియన్, గెలిచినవాడి ధీమాతో.

పెద్దావిడ అద్దాల పెట్టెకేసి చూసి నవ్వింది. “మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ముప్పై ఎనిమిదీ నాన్నగారు చెబుతుంటే నేను రాసినవి, సంతకంతో సహా. ‘ఈ కుర్రాడికి మాత్రం నేనే రాయాలమ్మా’ అని నా చేతిలో కలం లాక్కుని, వణికే చేత్తో ఆయన రాసింది ఇదొక్కటే.”