నవంబరు వానలో టూర్

“టూర్ కోసమేనా?” అని అడిగింది ఆమె.

హుస్తో అనే ముసలాయన థియేటర్ మెట్ల మీద, చూరు కింద నిలబడి ఉన్నాడు. వాన కాస్త తగ్గితే ఇంటికి పోవాలి. అంతకుమించి ఆయనకు పనేమీ లేదు. చేతిలో ఉన్నది చనిపోయిన భార్య వాడిన పసుపు గొడుగు. బిల్బావో నగరం చూడవచ్చినవాళ్ళు ఆదివారం పొద్దున ఆ మెట్ల దగ్గరే పోగవుతారు. గైడ్లు అలాంటి రంగు గొడుగులే ఎత్తి పట్టుకుని వాళ్ళ ముందు నడుస్తారు. ఈ పిల్ల తనను గైడ్ అనుకుందని ఆయనకు అర్థమైంది.

కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. శుక్రవారం రొట్టెల కొట్లో “ఒకటి చాలు” అన్న తర్వాత ఈ రెండు రోజులూ ఆ నోట్లోంచి మళ్ళీ మాట రాలేదు.

“టూర్‌కే,” అనేశాడు. “ఇంకెవరైనా వస్తారంటారా?”

ఆమె చుట్టూ చూసింది. “ఈ వానలో ఇంకెవరొస్తారు? మనిద్దరమే.”

“అయితే పదండి,” అంటూ ఆయన గొడుగు విప్పి ముందు నడిచాడు. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తర్వాత వెనకాలే వచ్చింది.

పేరు ఇనెస్ అని చెప్పింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. సొంతూరు సోరియా అట. నది పక్కన నడుస్తూ రెండో వంతెన చేరేసరికి హుస్తో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’లోకి దిగింది.

“ఒక్కదానివే వచ్చావా?”

“ఒక్కదాన్నే.”

“మా ఊరు నచ్చిందా మరి?”

“పుస్తకాల్లో ఉన్నదంతా చదివేశాను. తేదీలు, కొలతలు, అన్నీ. మాట్లాడ్డానికి మనిషి మాత్రం దొరకలేదు.”

“మావాళ్ళంతేలే. చిన్నప్పటి జట్టుతోనే తాగుతారు, ఆ జట్టుతోనే ముసలాళ్ళవుతారు. కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వరు.”

“మరి మీ జట్టు?”

“అందరూ వెళ్ళిపోయారు. నన్ను పిలవడం మర్చిపోయారు.”

నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

నది మలుపులో మ్యూజియం కనిపించింది. దాని గోడల టైటానియం రేకులు వానలో తడిసి చేప వీపులా మెరుస్తున్నాయి. హుస్తో అక్కడ నడక వేగం పెంచాడు.

“ఇక్కడ ఆగమా?”

“దీన్ని అందరూ చూస్తారు. నీకు వేరేది చూపిస్తా, రా.”

ఒకప్పుడు ఓడలు కట్టిన యార్డు చోట ఇప్పుడు ఎర్ర క్రేన్ ఒక్కటే మిగిలి ఉంది. ఆయన నోరు విప్పకముందే, “దీని పేరు కరోలా,” అంది ఇనెస్.

“బాగానే చదువుకొచ్చావు. అయితే పుస్తకంలో లేనిది విను. ఇక్కడే నేను వెల్డింగ్ చేసేవాణ్ణి. యార్డు మూసేస్తామంటే రోజూ పోలీసులతో కొట్లాటే. వాళ్ళవి రబ్బరు తూటాలు, మావి ఉండేళ్ళు. నట్లూ బోల్టులూ పెట్టి కొట్టేవాళ్ళం. మా ఆవిడ పిలార్ అదిగో, ఆ ఒడ్డున నిలబడి ఒకటే తిట్టడం.”

“పోలీసుల్నా?”

“నన్ను. ‘కొత్త చొక్కా వేసుకుని ఎవడైనా కొట్లాటకి పోతాడా, మొద్దూ’ అని.”

ఈసారి ఇనెస్ పడీపడీ నవ్వింది. “ఇది ఎక్కడా రాయలేదు,” అంది.

“తర్వాత యార్డు పోయింది. నది శుభ్రపడింది. ముందు చేపలొచ్చాయి, వాటి వెనకాల మీలాంటి టూరిస్టులొచ్చారు.”

తిరిగి వస్తూ మ్యూజియం ఎదుట బెంచీ మీద కూర్చున్నారు. తుంపర ఆగింది.

“లోపల మీకు అన్నిటికంటే ఏది ఇష్టం?” ఇనెస్ అడిగింది.

“అన్నీ బాగుంటాయి.”

“ఒక్కటి చెప్పండి.”

హుస్తో నీళ్ళకేసి తిరిగాడు.

“నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదమ్మా. పిలార్ అడిగినప్పుడల్లా వచ్చే ఆదివారం అనేవాణ్ణి. మా యార్డు పోయాక వచ్చిందని దీని మీద నాకు మంట. ఇప్పుడా మంటా లేదు. కానీ ఒక్కణ్ణే వెళ్ళి, పక్కకి తిరిగి ‘అది చూశావా’ అని ఎవర్ని అడగను?”

ఆయన పసుపు గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇంకో మాట కూడా చెప్పెయ్యాలి. నేను గైడ్‌ని కాను. పొద్దున నువ్వు పలకరించావు. కాదంటే వెళ్ళిపోతావని అబద్ధమాడాను. నీ ఆదివారం పాడుచేశాను.”

లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె లేచింది. వెళ్ళకుండా ఆయన వైపు చెయ్యి చాచింది.

“పదండి. లోపల నేను చూపిస్తాను.”

“ఊరికి కొత్తదానివి, నువ్వేం చూపిస్తావు?”

“పొద్దున మిమ్మల్ని టూర్‌కి వచ్చినవారనుకున్నాను. ఇవాళ్టి గైడ్‌ని నేనే.”