సర్టిఫికెట్ల మందు

"మామూలు మందులో కడిగితే మావాడు మామూలుగానే వస్తాడు. ఇంకో మందు తియ్యి సాయిబూ!" అంది కామమ్మ.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న స్టూడియోలో రహమతుల్లా అప్పుడే ఆమె కొడుకు వరప్రసాదానికి ఫోటో తీసి, కెమెరాలోంచి ఫిలిం రీలు కడగడానికి బయటికి తీశాడు. ఒంటిగంటయింది. సంబంధాలు చూసే జనార్దనయ్య నాలుగు గంటల బస్సుకి కావలి పోతున్నాడు. ఆలోగా ఆయన చేతికి ఫోటో అందకపోతే అక్కడి పిల్ల సంబంధం ఇంకొకరికి పోతుంది.

"మందులో ఏముండాదమ్మా? మనిషి ఎట్టుంటే అట్టనే వస్తాడు."

"అదే వద్దంటా ఉండా!"

వరప్రసాదం మొహాన పూసిన పౌడరు చెమటకి చారలు కట్టింది. కూర్చుందామని చూశాడు. బల్లమీద ఒక అమ్మాయి ఉంది. టీచరు ట్రైనింగు అప్లికేషనుకి ఫోటో దిగి, దానికోసం కాచుకుని ఉంది.

"ఏయ్ నల్లపిల్లా, లెయ్! అబ్బాయి కూచోవాల," అంది కామమ్మ.

అమ్మాయి లేచి గోడవారగా నిలబడింది. ఆ అమ్మాయికీ వరప్రసాదానికీ రంగులో తేడా చెప్పడం ఇరవయ్యేళ్ళుగా ఫోటోలు తీస్తున్న రహమతుల్లా వల్ల కూడా కాదు.

అతను అలమార తెరిచి మూడు సీసాలు చూపించాడు.

"ఇది మామూలుది. ఇది ముసలోళ్ళకి, ముడతలు కనపడనీదు. ఇదేమో సర్టిఫికెట్లు కాపీ తీసేదానికి. అక్షరం నల్లగా, కాయితం తెల్లగా కొట్టొచ్చినట్టు వస్తాది. మనుషులకి వాడం."

"కాయితం ఎంత తెల్లగా వస్తాది?"

"సున్నం కొట్టినట్టు."

"అదే పొయ్యి!"

"అమ్మా, రీలంతా ఒకే మందులో మునగాల. దీంట్లో వేరేవాళ్ళవి కూడా ఉండాయి."

"తెల్లగయితే వాళ్ళకేం నష్టం? నా పేరు చెప్పుకోని మురుస్తారు."

రహమతుల్లా నిట్టూర్చి చీకటి గదిలోకి పోయాడు. కామమ్మ గోడమీది ఫోటోలన్నీ వరసగా చూస్తూ పోయింది. "ఇది నలుపు. ఇది ఇంకా నలుపు. కావలి పిల్లకి ఉద్యోగముండాదని ఊరుకున్నాగానీ, అదీ రంగు తక్కువేనంట," అని కొడుకుతో అంది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా రహమతుల్లా తడి ఫోటోలు తెచ్చి తీగకి తగిలించాడు. వరప్రసాదం తన ఫోటో దగ్గరికి పోయి, పట్టి పట్టి చూశాడు. తెల్లటి తెలుపులో రెండు కళ్ళు, ఒక మీసం.

"అమ్మా, నా ముక్కేది?"

"ముక్కెవురికి గావాల్రా? రంగు చూడు!"

అంటూనే ఆమె చూపు పక్క ఫోటోమీద ఆగిపోయింది.

"ఎవురీ పిల్ల? పాలల్లో ముంచి తీసినట్టుండాదే! రేయ్, కోడలంటే ఇట్టుండాల!"

బయట బస్సు హారను కొట్టింది. కిటికీలోంచి జనార్దనయ్య తల బయటపెట్టి, "ఫోటో ఏదమ్మా? బస్సు కదలతా ఉండాది!" అని అరిచాడు.

కామమ్మ గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది. "మాకు ఇష్టం లేదని చెప్పెయ్యి వాళ్ళకి! ఇంతకంటే మంచి పిల్ల దొరికింది!"

బస్సు వెళ్ళిపోయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది.

"చెప్పు సాయిబూ, యా ఊరు పిల్లది? ఈ పొద్దే పోయి అడగతా."

గోడవారగా నిలబడిన అమ్మాయి మెల్లగా వచ్చి, తీగమీది తన ఫోటో తీసుకుంది.

"ఇది నాదే పెద్దమ్మా. అప్లికేషనుకి పనికిరాదులే. మళ్ళీ దిగాల."

అమ్మాయి వరప్రసాదం ఫోటో వైపు చూసింది. తర్వాత వరప్రసాదాన్ని ఒకసారి కిందినుంచి పైదాకా చూసింది.

"ఈ ఫోటోలో అబ్బాయి నాకూ నచ్చినాడు. మా ఇంటికి వచ్చేటప్పుడు ఆయన్ని తోడుకోని రాండి, ఈయన్నొద్దు."