మోగని ఫోను

డాక్టరు మళ్లీ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పనిచేస్తూనే ఉంది. మోగడమే లేదు.

ఆయన మనుషుల డాక్టరు కాదు. కంపెనీ అమ్మిన పాత కంప్యూటర్లకు వైద్యం చేసేవాడు. వాటి తయారీ ఎప్పుడో ఆపేశారు. కొన్నవాళ్లు మాత్రం కొత్తవాటి మొహం చూడలేదు. చెడితే ఈయన వెళ్లేవాడు, అవి లేచి కూర్చునేవి.

పోయినేడు మేనేజరు ఆయన్ని పిలిచి కాఫీ తెప్పించాడు.

"ఈ వయసులో ఊళ్లు పట్టుకు తిరగడమేంటి బాబాయ్? లోపలి గదిలో చల్లగా కూర్చో. ఫోన్లోనే చెప్పు. జీతం జీతమే. ఆ పాత సెల్లు ఇచ్చెయ్, కంపెనీదేగా."

"మరి కొన్నవాళ్లకి కొత్త నంబరు?"

"నేనే స్వయంగా వెళ్లి చెప్తాగా!"

డాక్టరుకి కడుపు నిండిపోయింది. కన్నకొడుకు కూడా అంత మాట అనలేదు.

అప్పట్నుంచీ ఫోను ముందే కాపలా. ఒక్కరూ చేయలేదు. గది ఊడ్చే ఆవిడకు కూడా ఎకసెక్కమైపోయింది.

"ఏం డాక్టరుగారూ, రోగులంతా లేచి పరిగెడుతున్నారా?"

నిన్న మేనేజరు తల దించుకుని వచ్చాడు.

"ఎవరికీ అక్కర్లేదట బాబాయ్. శుక్రవారంతో గది మూసేయమన్నారు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

ఉద్యోగం పోతే పోయింది. కంటికి రెప్పలా చూసుకున్నాడే, ఒక్కరికైనా గుర్తు రాలేదా? తన వల్ల ఏం తప్పు జరిగింది? అడిగి తేల్చుకోవాలని పొద్దున్నే, తను ఏళ్ల తరబడి వెళ్లొచ్చిన రంగుల మిల్లుకి వెళ్లాడు.

గేటు దగ్గర పాత కంప్యూటర్ని తుక్కు లారీలోకి ఎక్కిస్తున్నారు. మూత లోపల తను సుద్దముక్కతో పెట్టుకున్న గుర్తులు ఇంకా చెరగలేదు.

గుమాస్తా కొత్తవాడు. ఈయన్ని ఎరగడు.

"పాడైందా బాబూ?"

"లేదు పెద్దాయనా, భేషుగ్గా ఉంది. కొత్తది కుదురుకునేదాకా ఉంచాం. మిల్లు ఓనరు, మా అమ్మగారికి ఇదంటే ప్రాణం. చూడలేక లోపలికెళ్లిపోయారు."

డాక్టరు లారీ దగ్గరికి జరిగాడు.

"మరి... దీన్ని బాగుచేసే మనిషి మీద కోపం వచ్చిందా?"

"కోపమా, పాపం! ఆయన చచ్చిపోయాడని కంపెనీ మేనేజరే స్వయంగా వచ్చి, మా అమ్మగారితో పాటు కూర్చుని ఏడ్చి, కొత్త మెషిన్‌కి ఆర్డరు రాయించుకుని వెళ్లాడు."