పోస్టుమాన్ గారి వీధి

సాయంత్రం ఐదు దాటితే వీధి పోతుంది.

అంటే, ఆ వీధి పేరుతో ఉన్న వెబ్‌సైట్ పోతుంది. అందులో రెండు వైపులా కలిపి డెబ్భై ఆరు తలుపులు. ప్రతి తలుపుకీ ఒక ఫొటో, కింద ఇంటివాళ్ల పేర్లు. అన్నీ తీసింది రిటైరైన పోస్టుమాన్. ఆ వీధిలో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచాడు. ఏ ఇంట్లో ఎవరికి ఎవరంటే పడదో ఆయనకి తెలిసినంతగా ఆ ఇంట్లోవాళ్లకే తెలియదు.

సైట్‌ని ఇన్నాళ్లూ నడిపిన కంపెనీ పోయిన వారం మూతపడింది. కూతురు ఫొటోలన్నీ కొత్త కంపెనీకి ఎక్కించింది. ఇంక మిగిలింది ఒక్కటే పని. వీధి పేరు కొడితే ఇకమీదట ఫలానా చోటికి వెళ్లాలని, తమ దేశం వెబ్‌సైట్ల పేర్లు చూసే రిజిస్ట్రీ ఆఫీసులో రాయించాలి. దాన్నే నేమ్ సర్వర్లు మార్చడం అంటారు. ఐదింటిలోగా మార్చకపోతే పేరు తీసేస్తామని రిజిస్ట్రీ నోటీసు పంపింది.

కూతురు ఆసుపత్రిలో రికార్డులు చూస్తుంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చి, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. అది పూర్తిగా తెరుచుకునేలోపు ఒక పిల్లాడు పుట్టి, బడికెళ్లి, ఫెయిలై ఇంటికి రావచ్చు. ఆ తర్వాత పాస్‌వర్డ్. దాన్ని పోస్టుమాన్ ఎంత భద్రంగా దాచాడంటే, ఆయనకి కూడా దొరకలేదు. చివరికి మాత్రల డబ్బా మూత లోపల బయటపడింది.

“నాన్నా, చివర ‘కామ్’ ఉన్న పేరు ఒకటి కొనేద్దాం. పది నిమిషాల పని. ఈ పరుగులన్నీ ఉండవు.”

“వద్దు.”

“పేరు చివర ఆ రెండక్షరాల కోసం ఇంత మొండితనమా?”

“అవి మన దేశం అక్షరాలు. అవి తీసేస్తే ఆ వీధి ఎక్కడిదంటావు?”

“అమ్మా ఇంతే. ఇల్లొదిలి రమ్మంటే రానంది.”

అనేశాక నాలుక కరుచుకుంది. ముప్పై ఎనిమిదో నంబరు, తమ ఇంటి తలుపు ఫొటోలో అమ్మ ఉంది. తల దువ్వుకోలేదు, ఇప్పుడు తీయకు అన్నట్టు కెమెరాకి చెయ్యి అడ్డం పెడుతోంది. ఆవిడ ఫొటో ఇంకోటి లేదు.

పోస్టుమాన్ కళ్లజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

నాలుగుంబావుకి రిజిస్ట్రీ ఫోనెత్తింది. రిజిస్ట్రీ అంటే ఏదో అద్దాల మేడ, మెడల్లో కార్డులు, లిఫ్టులు అనుకుంటాం. ఫోన్‌లో కుక్కర్ కూత వినిపించింది.

“ఒక్క నిమిషం సార్, స్టవ్ కట్టేసి వస్తా,” అంది రిజిస్ట్రీ.

వచ్చాక గొంతు సవరించుకుని, రూల్స్ పుస్తకం మింగినవాడిలా మొదలుపెట్టాడు ఆ ఉద్యోగి. “ఈ పేర్లు మన దేశంవాళ్లకే ఇస్తాం. ఇంటిపన్ను రసీదు ఉందా సార్?”

“లేదు బాబూ.”

“పోన్లెండి, ఎవరి దగ్గరా ఉండట్లేదు. మీ ఎదురిల్లు ఎవరిది?”

“ముప్పై ఏడు. టైలర్‌ది. పచ్చ గేటు. కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డు. అంత పిరికి కుక్క భూమ్మీద లేదు. నా సంచి కనపడితే మంచం కింద దూరేది.”

“నన్ను కరిచింది సార్.”

పోస్టుమాన్ ఫోన్‌ని చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు. “నువ్వెవరబ్బాయివి?”

“టైలర్ మా మేనమామ. సెలవులకి వచ్చేవాణ్ణి.”

“ఎలా ఉన్నాడయ్యా?”

అటు నుంచి కీబోర్డు టకటక వినిపించింది.

“కొత్త నేమ్ సర్వర్ల పేర్లు కొట్టండి సార్. నాలుగున్నరైంది.”

తనే కొడతానన్నాడు పోస్టుమాన్. ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా ఇంటింటికీ తిరిగినట్టు తిరిగాడు.

“ఈ నేమ్ సర్వర్ అంటే, పేరు చెబితే ఇల్లు చూపించేవాడేగా?”

“అంతే నాన్నా.”

“అయితే నా ఉద్యోగమే.”

కొట్టాడు. సర్వర్ పలకడం లేదని తెర మీద ఎర్రగా వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎరుపే. గడియారం నాలుగూ యాభై దాటింది.

కూతురు ఆయన భుజం మీంచి వంగి చూసింది. “చుక్క ఉండాల్సిన చోట కామా పెట్టావు నాన్నా.”

“ఆ తోక నాకు కనపడితేగా?”

“లే, నేను కొడతా.”

“ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఉత్తరం వేరే ఇంటికి ఇవ్వలేదే నేను,” అన్నాడాయన. లేవలేదు. కూతురు ఇంక లేవమనలేదు. ఆయన వేలిని పట్టుకుని చుక్క మీద పెట్టింది.

నాలుగూ యాభై ఆరుకి తెర పచ్చబడింది.

“ఎక్కింది సార్,” అన్నాడు రిజిస్ట్రీ ఉద్యోగి. “అన్ని చోట్లా కనపడ్డానికి రెండు రోజులు పట్టచ్చు. పేరు మాత్రం ఉంటుంది. ప్రస్తుత చిరునామా అని ఇంకో గడి ఉంది. ఏం రాయను?”

పోస్టుమాన్ చుట్టూ చూశాడు. అద్దె ఇల్లు, అద్దె బల్ల, అద్దె కుర్చీలు.

“ముప్పై ఎనిమిదే రాయి.”

“అలాగే. అందరూ అలాగే రాయమంటున్నారు.”

“మొత్తం ఎన్ని పేర్లున్నాయి బాబూ?”

“పదకొండు వేలుండేవి. మీతో కలిపి నలభై ఒకటి మిగిలాయి సార్.”

పోస్టుమాన్ ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు అతనూ పెట్టెయ్యలేదు.

ఆ దేశపు దీవులన్నీ పోయినేడు సముద్రంలో కలిసిపోయాక, ఇంకా మునగకుండా మిగిలినవి ఆ నలభై ఒక్క పేర్లే.