కిటికీ సీట్లు

మరమగ్గాలు ఆగిపోయిన షెడ్డులో మార్కండేయులు మూడంతస్తుల బొమ్మ రైలుమార్గం కట్టాడు. రైలు కిటికీలోంచి పెరట్లోకి పోయి, బావి చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది.

“సిరిసిల్లకే ఇంక రైలు రాలే. నీ దాన్ల ఎవలెక్కుతరయ్యా?” అని భార్య సత్యవ్వ నవ్వి పడుకుంది.

చీకట్లో రైలు పెరట్లోకి వెళ్లింది. బావి దగ్గర చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

తిరిగొచ్చిన పెట్టెల్లోకి అతను టార్చి వేసి చూశాడు. బస్సులో సీటు ఆపుకున్నట్టు, ప్రతి కిటికీ పక్కనా గోరంత తువ్వాల పరిచి ఉంది.

“టికెట్ లేకుంట ఎవలెక్కిన్రు?” అని గద్దించాడు.

చివరి సీటు మీది తువ్వాలకు అచ్చం తన దానిలాగే ఎర్రంచు, మూలన బీడీ కాలిన చిల్లు.

మార్కండేయులు భుజం తడుముకున్నాడు. తువ్వాల లేదు.