ఇరవై వేసవులు

యశ్వంత్ కాటేజీ మెట్ల మీద జారిపడ్డాడు.

లోపల పెట్టె సర్దుతున్న మాధురి పరుగెత్తుకొచ్చేసరికి, ఎవరో ఒకావిడ వాణ్ణి లేపి నిలబెట్టి, మోకాలికంటిన ఇసుక కొంగుతో దులుపుతోంది.

యాభై దాటినావిడ. నలిగిన నూలుచీర, బిగించి వేసుకున్న ముడి.

పిల్లల్ని చూసుకోడానికి రిసార్టులో మనుషులుంటారని భర్త విజయకుమార్ ఎక్కడో విన్నాడు. ఆ మనిషే అనుకుంది మాధురి.

“మీరేనాండీ ఇక్కడ పిల్లల్ని చూసేది? వాడి కాళ్ళు కాస్త కడిగేద్దురూ.”

ఏదో చెప్పబోయినట్టు ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

“ఆయ్. కడుగుతానండి,” అంది.

కాట్రేనికోన అవతల ఉన్న ఆ సముద్రపొడ్డుకి కొత్తపేట నుంచి నాలుగు రోజుల సెలవుకని వచ్చారు వాళ్ళు. దిగిన గంటకే మాధురికి తెలిసిపోయింది, సెలవు తనకి కాదని. ఎనిమిదేళ్ళ దివ్య ఒకవైపు పరుగెడితే ఐదేళ్ళ యశ్వంత్ ఇంకోవైపు పరుగెడతాడు. విజయకుమార్ ఎరువుల కొట్టంతా ఫోన్లోనే నడుస్తుంది. అక్కడి అలలేమో కాళ్ళకింద ఇసుకతో సహా మనిషిని లాగేసే రకం. ఇంట్లో వంటిల్లు ఎలా కట్టిపడేస్తుందో ఇక్కడ ఒడ్డు అలా కట్టిపడేసింది.

అందుకే ఆవిడ దొరకగానే మాధురికి ఊపిరాడింది.

మొదట ఒక గంట చూడమంది. భోజనాలయ్యాక ఇంకో గంట అంది. ఆవిడకీ ఒక పళ్ళెం పెట్టి పంపితే, పిల్లలు ఆడుకుంటున్న చోటే నిలబడి తినేసింది. మాధురి మంచం మీద వాలి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. పట్టపగలు అలా పడుకుని ఎన్నేళ్ళయిందో.

లేచి వచ్చేసరికి నాలుగు దాటింది. ఆవిడ ఇసుకలో కూర్చునుంది. ముఖం సముద్రం వైపే ఉన్నా చూపు మాత్రం రెండు చిన్న తలల మీదే. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు. ఒకటి, రెండు.

“బాగా అలవాటున్నట్టుందే మీకు,” అంది మాధురి పక్కన కూర్చుంటూ.

కువైట్లో ఒకరింట్లో చేశానని చెప్పిందావిడ. ఎండలు ముదిరితే ఆ ఇంటివాళ్ళు స్పెయిన్ వెళ్ళేవారట. ఆ దేశానికి దక్షిణపు కొసన, సముద్రపొడ్డున తెల్లటి ఇల్లు. రెండు నెలలు అక్కడే. ఏ ఏడు చూసినా ఆరుగురు పిల్లలు, వాళ్ళ వెనకాల ఆవిడ. పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో ఉండేదట. గేటు దాటాలంటే పిల్లలతోనే దాటాలి. అలా ఇరవై వేసవులు.

“అయితే స్పెయిన్ అంతా చూసేసేరన్నమాట.”

ఆవిడ తల తిప్పకుండానే నవ్వింది.

“ఆరు తలకాయలు చూసేనండి. నీళ్ళమీద ఆరూ కనపడుతున్నాయా లేదా అని. అదే చూసేను.”

మాధురి కూడా నవ్వింది. ఇంతలో విజయకుమార్ పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి ఆవిడ నీళ్ళ అంచున ఒక్కర్తే నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని పాదాల మీదికి అల రానిస్తోంది. ఒడ్డు మీద ఇంకెవరూ లేరు. ఆవిడ దూరంగా, నీళ్ళు ఆకాశాన్ని తాకే చోటికి చూస్తోంది.

“ఏవండీ,” అని వరండాలోంచి పిలిచింది మాధురి. “పిల్లలు లేచేరండి.”

ఆవిడ వెంటనే తిరగలేదు. ఇంకో అల వచ్చి పోయేదాకా అలాగే ఉండిపోయింది. తరవాత చెప్పులు తొడుక్కుంది.

“వస్తున్నానండి.”

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ చీరల కోసం బండారులంక వెళ్ళారు. ఎనిమిదేళ్ళలో పిల్లలు లేకుండా కార్లో కూర్చోవడం అదే మొదలు. తొందరేముందిలే అనుకుని, దారిలో భోజనం కూడా చేసి, మూడింటికి తిరిగొచ్చారు.

పిల్లలిద్దరూ వరండాలో తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు. ఆవిడ జుట్టు విడిపోయి నీళ్ళోడుతోంది.

ఏం జరిగిందో దివ్యే చెప్పింది. బంతి కోసం తమ్ముడు నీళ్ళలోకి దిగాడట. అల లోపలికి లాక్కుపోయిందట. ఆవిడ మెడలోతుకి వెళ్ళి, జుట్టు పట్టుకుని, ఒడ్డుకి ఈడ్చుకొచ్చిందట.

మాధురి కొడుకుని హత్తుకుని ఏడ్చేసింది. విజయకుమార్ మాత్రం ఆవిడ వైపు తిరిగాడు.

“అసలు నీళ్ళ దాకా ఎందుకు పోనిచ్చేరండీ?”

“తప్పయిపోయిందండి,” అంది ఆవిడ తలొంచుకుని. “ఒక్క క్షణం అటు సముద్రంకేసి చూసేను.”

మూడోరోజు పొద్దున్న ఆవిడ ఒడ్డు మీద కనిపించలేదు. భర్త అన్న మాట మాధురిని కుదురుగా ఉండనివ్వలేదు. తనకోసం కొనుక్కున్న చీరల్లో మంచిది తీసుకుని ఆఫీసు గదికి వెళ్ళింది. ఆవిడ పేరైనా అడగలేదని అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది.

“మీ ఆయాగారికి ఇద్దామనండి. నిన్న మా వాణ్ణి కాపాడేరు.”

“మా దగ్గర ఆయాలెవరూ లేరండి,” అన్నాడు మేనేజరు శ్యామ్ బాబు.

మాధురి పోలికలు చెప్పింది. కువైట్ సంగతీ, స్పెయిన్ సంగతీ చెప్పింది.

“వీరాయమ్మగారా? తెల్లారగానే వెళ్ళిపోయేరండి. ఇంకా రెండ్రోజులుందండీ అన్నా ఆగలేదు.”

“రెండ్రోజులేంటి?”

శ్యామ్ బాబు ఒడ్డు చివరనున్న కాటేజీ వైపు చూపించాడు.

“ఆవిడ దిగింది అందులోనేనండి, పుట్టి బుద్ధెరిగేక తీసుకున్న మొదటి సెలవంట, గది రాయించుకున్నప్పుడు ఒక్కటే అడిగేరు, పిల్లలు లేని వైపు ఇమ్మని.”