శవం పిడికిట్లో పేరు

"చచ్చినవాడివి, ముక్కు మూసుకుంటావేంటయ్యా!" అని కసిరాడు అమ్మిరాజు.

స్టేజి మీద వెల్లకిలా పడుకున్న మొండయ్య ముక్కు మీంచి చెయ్యి తీశాడు. "సచ్చిన గనక ఊకున్న సార్. బతికున్నోడైతే ఈ వాసనకు ఎప్పుడో సచ్చేటోడు."

తప్పు చేపది. పక్కన బుట్టలో ఉన్న హమూర్ చేప చచ్చి నాలుగు రోజులైంది. దాని కంపు మాత్రం బతికి, సౌదీలోని ఈ జుబైల్ ఊరంతా తిరిగి, భోజనాల వేళకు మళ్లీ కంపెనీ క్యాంపుకే వస్తోంది. నాటకం జరిగేది నార్వేలో, మంచు కురిసే ఒక చేపల రేవులో. అక్కడి థియేటర్లో ఒక నటుణ్ణి స్టేజి మీదే ఎవడో పొడిచేస్తాడు. డిటెక్టివ్ వచ్చి హంతకుణ్ణి పట్టుకుంటాడు. రేవు అన్నాక చేప ఉండాలని డిటెక్టివ్ వేషం కట్టిన అమ్మిరాజు పట్టుబట్టాడు. మొదటి రిహార్సల్ నాడు కొన్న చేపనే శుక్రవారం మధ్యాహ్నం నాటకం దాకా లాక్కొచ్చాడు.

క్యాంపు మెస్ హాలే థియేటరు. నిచ్చెన మీద నుంచి డ్రైవర్ లాల్ అహ్మద్ చల్లే థర్మాకోల్ పొడే మంచు. ఏసీ వేస్తే ఆ మంచు ఎగిరి జనం చాయ్ కప్పుల్లో పడుతుందని ఏసీ ఆపేశారు. బయట ఎండ నలభై ఆరు. మొండయ్య ఒంటి మీద పాత బట్టల అంగడిలో కొన్న ఉన్ని కోటు. దాన్ని ఇంతకు ముందు తొడుక్కున్న మహానుభావుడికి స్నానం అలవాటు లేదని మొదటి గుండీ పెట్టగానే తెలిసిపోయింది.

అయినా ఎందుకు భరించాడంటే, కంపెనీ నితాఖత్‌లో, అంటే స్థానికులకు కొలువులివ్వాలన్న సర్కారు లెక్కలో, రెడ్‌లో పడింది. సౌదీలను చేర్చుకోవాలి, మనవాళ్లను పంపించాలి. పైగా ఒక్కో పరదేశి తలకీ సర్కారుకు లెవీ కట్టాలి. ఎవరు ఎగ్జిట్ మీద, అంటే ఇక మళ్లీ రాకుండా, ఇంటికి పోవాలన్న లిస్టు రాసేది పర్సనెల్ క్లర్కు అమ్మిరాజే, సంతకం పెట్టేది ముదీర్, అంటే సౌదీ మేనేజరు. "నువ్వు శవం వేషం వెయ్యి, నీ పేరు రాకుండా చూసే పూచీ నాది" అన్నాడు వెల్డర్ మొండయ్యతో. ఊళ్లో చిరుతల రామాయణంలో లక్ష్మణమూర్ఛ కట్టిన మొండయ్యకు పడుకోవడం ఒక పనా? కంటి మీద ఈగ కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెళ్లిళ్లు చేసినా రెప్ప కదపడు.

"కాయితమేదీ?" అమ్మిరాజు టోపీ సర్దుకుంటూ వెతికాడు. హంతకుడి పేరున్న కాగితం శవం పిడికిట్లో ఉండాలి. చూస్తే అది చెమటకు నాని ముద్దయిపోయింది. తెర లేచే వేళైంది. అమ్మిరాజు తన జేబులోంచి ఆఫీసు ముద్ర ఉన్న కవరు తీసి మొండయ్య చేతిలో కుక్కాడు.

"ఇదేం కాయితం సార్?"

"శవానికి ప్రశ్నలేంటయ్యా! నాలిక బయటపెట్టు. చూసినోడికి అసహ్యం పుట్టాలి" అంటూ తెర పక్కకు పోయాడు.

"మొండన్నా!" నిచ్చెన మీంచి లాల్ అహ్మద్ గుసగుసలాడాడు. "నీ చేతిలో ఉండేది ఎగ్జిట్ లిస్టు. నిన్న ముదీర్ సంతకం పెట్టి కవరు అంటించి ఇస్తాంటే నేను కార్లోనే ఉంటి. 'నేను టైపు కొట్టిందే కదా సార్, చూసేదేముంది' అని విప్పకుండానే జేబులో పెట్టుకున్యాడు ఆయప్ప."

"ఉండనీ. నా పేరైతే లేదు గద అండ్ల."

"మొదటిదే నీదన్నా. ఆయప్ప టైపు కొడతాంటే నా కండ్లతో చూస్తి."

"గిప్పుడు చెప్తవారా!"

"నీకు చెప్తే రెండో పేరు నాదే కొడతానన్యాడన్నా."

తెర లేచింది. మొండయ్యకు చేప కంపు ఉన్నట్టుండి పూలవాసనైపోయింది. అంతకన్నా కుళ్లింది టోపీ పెట్టుకుని స్టేజి మీద నడుస్తోంది మరి. లేచి వాడి మొహాన వాంతి చేసుకుందామనిపించింది. కానీ ఎదురుగా మూడు వందల మంది జనం, ముందు వరసలో ముదీర్. వేషం కట్టినవాడు మంగళం పాడే దాకా వేషం విడవకూడదని నేర్చిన ఒళ్లు. కదల్లేదు.

డిటెక్టివ్ అందర్నీ ప్రశ్నించాడు. చివరికి శవం పక్కన మోకరిల్లి, తన ముక్కుకు మాత్రం రుమాలు అడ్డం పెట్టుకుని, పిడికిలి విప్పబోయాడు. పిడికిలి రాలేదు.

"వదలవయ్యా!"

"నా పేరే చదువుతరా సార్?" అంది శవం పెదవి కదపకుండా.

 అమ్మిరాజు రుమాలు వెనక నవ్వాడు. "ఏం చెయ్యనయ్యా. ఎవడో ఒకడు పోవాలిగా!"

మొండయ్య వదిలేశాడు. అమ్మిరాజు లేచి నిలబడి, కవరు చించి, కాగితం దీపానికెత్తి గర్జించాడు. "హంతకుడి పేరు..."

నాటకంలో హంతకుడి పేరు కంఠతా వచ్చిందే. కానీ టైపు కొట్టిన నాలుగు పేర్ల కింద పచ్చ సిరాతో ఐదోది కనిపించింది. రోజూ కాగితాలు చదివే నోరు ఆగలేదు, చదివేసింది. "పర్సనెల్ క్లర్కు... ఈ సీటు ఇక సౌదీకి... ఫైనల్ ఎగ్జిట్... అమ్మిరాజు."

హాలు దద్దరిల్లింది. డిటెక్టివే హంతకుడట! ఈలలే ఈలలు. తెలుగు రాని ముదీర్, జేబులో పచ్చ పెన్నుతో, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. అమ్మిరాజు థర్మాకోల్ మంచులో చతికిలబడ్డాడు.

శవం కళ్లు తెరవకుండానే ఒక మూర పక్కకు జరిగింది.

"ఇటు పండుకోండ్రి సార్, జాగున్నది. ముక్కు మాత్రం మూసుకోవద్దు."